ముల్లు దగ్గర పిసినారితనం వద్దు

పోయిన నెల ఇదే శీర్షికలో స్పీకర్ల గురించి రాస్తూ మాటవరసకి మా ఇంట్లో రికార్డ్ ప్లేయర్ సంగతి ఒక్క లైను రాశాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. చెన్నైలో తెలుగువాళ్ళ అటకల మీద ఇన్ని రికార్డులు మూలుగుతున్నాయని నాకు నిజంగా తెలీదు. అన్నిటికీ జవాబివ్వడం నావల్ల కాదు, ఒకేలాంటివి కలిపేశాను, మీ ఉత్తరం కనపడకపోతే ఏమనుకోకండి, జవాబు మాత్రం ఎక్కడో ఉంటుంది.

ప్రశ్న: సార్, మాది వెస్ట్ మాంబళం. ఇల్లు మారుతుంటే నాన్నగారి రికార్డులు బయటపడ్డాయి, ఎల్పీలు ఓ అరవై, చిన్నవి ఇంకో నలభై దాకా ఉంటాయి. ఘంటసాల, సుశీల, బాలమురళి, ఎమ్మెస్, అన్నీ ఉన్నాయి. నాన్నకి డెబ్భై ఆరేళ్ళు, ఆయన పుట్టినరోజుకి ప్లేయర్ కొనిద్దామని. మాల్‌లో సూట్‌కేసులా మూసేసేది ఒకటి చూశాను, భలే ముద్దుగా ఉంది, ఏడు వేలు, స్పీకర్లు కూడా దాంట్లోనే. మా ఆయన అదే తీసేసుకో అంటున్నారు. నా బడ్జెట్ అన్నీ కలిపి పాతిక వేలు, పైసా ఎక్కువ లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఆయన్ని కాస్త ఆగమనండి. ఆ పెట్టె ముద్దుగానే ఉంటుంది, కాదనను, ఫోటో తీస్తే బ్రహ్మాండంగా వస్తుంది కూడా. కానీ ఆ ఏడు వేలల్లో పెట్టెకి, దాని రంగుకి, బ్లూటూత్‌కి, రెండు బుల్లి స్పీకర్లకి, షాపువాడి లాభానికి పోగా, అసలు రికార్డుని ముట్టుకునే ముల్లుకీ, ఆ ముల్లుని పట్టుకుని తిరిగే ఆర్మ్‌కీ ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. అందుకే వాటిల్లో మామూలుగా ఎర్ర ప్లాస్టిక్ ముల్లున్న చవక సిరామిక్ కార్ట్రిడ్జ్ పెడతారు, కార్ట్రిడ్జ్ అంటే ముల్లు కదలికని కరెంటుగా మార్చే బుల్లి డబ్బా, అది గాడిలో కుదురుగా నిలబడాలంటే ఐదారు గ్రాముల బరువు మోపాల్సిందే, ఆ బరువు తగ్గించుకోడానికి ఆర్మ్ వెనకాల తిప్పేదేమీ ఉండదు. ఒక మాదిరి మంచి కార్ట్రిడ్జ్ అదే పని రెండు గ్రాములతో చేస్తుంది. పైగా పళ్ళెం చిన్నది, మీ నాన్నగారి ఎల్పీ దాని మీద పెడితే చుట్టూ వేలాడుతూ ఉంటుంది, స్పీకర్లు అదే పెట్టెలో ఉన్నాయి కాబట్టి పాట పెంచిన కొద్దీ పెట్టె అదిరి ఆ అదురు తిరిగి ముల్లుకే తగులుతుంది.

ఒక్కసారి పెడితే రికార్డు నాశనం అని భయపెట్టేవాళ్ళున్నారు, అంత సీను లేదు. కానీ రోజూ పెట్టే రికార్డు మీద ఆ బరువు, ఆ అరిగిపోయిన ముల్లు కలిసి ఏం చేస్తాయో ఒక ఏడాదికి మీ చెవికే తెలుస్తుంది, ముందు హైస్, అంటే పై స్థాయి సన్నటి శబ్దాలు, పోతాయి, సుశీలగారి గొంతులో ఆ మెరుపు పోయి ఏదో దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. ఏడు వేల ప్లేయర్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం, ఆ రికార్డులు పోతే ఎక్కడ తెస్తాం చెప్పండి.

ముల్లు ముల్లు అని ఎందుకు గోల పెడుతున్నానంటే, ఒక చిన్న లెక్క. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఒక వైపు ఇరవై నిమిషాలనుకుంటే ఆరొందల అరవై చుట్లు పైమాటే, ఒక చుట్టు సగటున అరవై ఐదు సెంటీమీటర్లు. అంటే ఒక్క వైపు వింటే ముల్లు గాడిలో నాలుగొందల మీటర్లకి పైగా నడిచినట్టు. ఐదొందల గంటలు వింటే ఆరొందల యాభై కిలోమీటర్లు, మన చెన్నై నుంచి హైదరాబాద్ వెళ్ళి ఊళ్ళో ఓ చుట్టు కొట్టినట్టు, అదీ కంటికి కనపడనంత వజ్రపు మొన మీద! మామూలు గుండ్రటి మొన ముల్లు ఆయుష్షు మూడొందల నుంచి ఐదొందల గంటలు అంటారు, కాబట్టి ముల్లు మార్చుకునే వీలు, అది సులువుగా దొరకడం, ఈ రెండూ చూసుకునే కొనాలి, మిగతావన్నీ దాని తర్వాతే.

మీ లెక్కలో నేను చెప్పేది ఆడియో-టెక్నికా ఎల్పీ60ఎక్స్. దీనికి నేనేమీ ప్రచారకర్తని కాదు, ఇందులో నాకు నచ్చనివీ ఉన్నాయి, చెప్తాను. నచ్చేది ఏంటంటే కార్ట్రిడ్జ్ సిరామిక్ కాదు, మాగ్నెట్‌ది, బరువు మూడు గ్రాముల చుట్టుపక్కల, ముల్లు చేత్తో లాగి ఇంకోటి తొడిగేయొచ్చు, 3600ఎల్ అని అడిగితే చాలు, ఆన్‌లైన్‌లో ఎప్పుడూ దొరుకుతుంది. ఇంకోటి, మీ నాన్నగారికి ఇదే పెద్ద సుఖం, బటన్ నొక్కితే ఆర్మ్ తనంతట తనే లేచి వెళ్ళి రికార్డు మీద వాలుతుంది, వైపు అయిపోగానే తిరిగి వచ్చేస్తుంది. డెబ్భై ఆరేళ్ళ చెయ్యి కొంచెం వణికినా భయం లేదు, కుర్చీలో కునుకు తీసినా ముల్లు చివర్న గిరగిరా తిరుగుతూ అరిగిపోదు. నచ్చనివి: కార్ట్రిడ్జ్ ఆర్మ్‌లో భాగం, రేపు ఇంకా మంచిది పెడదామంటే కుదరదు, ముల్లు మాత్రమే మారుతుంది. బరువు సర్దుకోడానికి లేదు, కంపెనీ పెట్టిందే. నిమిషానికి 33, 45 చుట్లు తప్ప, పాతకాలం బరువు రికార్డులకి కావలసిన 78 తిరగదు.

ఇక మీరు అడగనిది ఒకటి చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇక్కడే దెబ్బతింటారు. ముల్లు నుంచి వచ్చే కరెంటు రెండున్నర మూడు మిల్లీవోల్టులు, ఫోన్ నుంచి వచ్చేదానితో పోలిస్తే వందో వంతు కూడా ఉండదు. పైగా రికార్డు మీద గాడి కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు, బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ వెడల్పైపోయి ఒక వైపు ఇరవై నిమిషాలు పట్టదు, ట్రెబుల్ పెంచకపోతే గరగరలో కలిసిపోతుంది. దాన్ని మళ్ళీ సరిచేసి, పెద్దది చేసి ఇచ్చే చిన్న సర్క్యూటే ఫోనో ప్రీయాంప్. అది లేకుండా నేరుగా స్పీకర్‌కి పెడితే పక్కింట్లో రేడియో విన్నట్టు సన్నగా కీచుగా వస్తుంది, ప్లేయర్ పాడైందనుకుని వాపసు పంపేస్తారు జనం. ఎల్పీ60ఎక్స్‌లో అది లోపలే ఉంది, వెనకాల స్విచ్ లైన్ వైపు ఉంచండి, అంతే.

కాబట్టి ప్లేయర్ పోగా మిగిలింది స్పీకర్లకి పెట్టండి, సొంతంగా యాంప్, అంటే శబ్దాన్ని పెద్దది చేసే సర్క్యూట్, ఉన్నవి, పవర్డ్ స్పీకర్లంటారు, ఎడిఫైయర్ ఆర్1280 లాంటిది ఒక జత మీ హాలుకి ధారాళంగా సరిపోతుంది. రేట్లు పండగల సేల్స్‌లో ఒకలా, మామూలు రోజుల్లో ఒకలా ఉంటాయి, నెల ఆగగలిగితే ఆగండి. పాతిక దాటేలా ఉంటే ఇప్పటికి స్పీకర్లు వాయిదా వేసి, ఇంట్లో ఆక్స్, అంటే బయటి వైరు గుచ్చే చోటు, ఉన్న పాత మ్యూజిక్ సిస్టమ్‌కి పెట్టేయండి, ఏం పర్లేదు, కానీ ప్లేయర్‌లో మాత్రం తగ్గకండి. బ్లూటూత్ ఉన్న మోడల్‌కి ఎక్కువ పెట్టడం ఎందుకో నాకర్థం కాదు, వైరు మీటరున్నర చాలు కదా.

మీ ఆయన ఇంకా ఆ సూట్‌కేసే అంటే, ఆయన చొక్కాలు పెట్టుకోడానికి ఒకటి కొనివ్వండి.

ప్రశ్న: అన్నా, నేను పోరూర్‌లో ఉంటా, ఐటీ. మా బావ న్యూజెర్సీ నుంచి వచ్చే నెల వస్తున్నాడు, అక్కడ గరాజ్ సేల్‌లో పాతకాలం బెల్టు టర్న్‌టేబుల్ ఒకటి చవగ్గా దొరికిందంట, తెస్తానంటున్నాడు. ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలు కదా?

జవాబు: చాలదు తమ్ముడూ, ఈ ఒక్క మాట మీ బావకి ఇవాళే వాట్సాప్ చెయ్యి.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మార్చుతుంది, 230ని 120 చేస్తుంది, బానే ఉంది, కానీ అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకోదు. పాత బెల్టు ప్లేయర్లు, అంటే మోటార్ బెల్టుతో పళ్ళెాన్ని తిప్పేవి, చాలావాటిలో సింక్రనస్ మోటార్ ఉంటుంది, అది కరెంటు ఎన్ని హెర్ట్జ్ ఉంటే ఆ లెక్కన తిరుగుతుంది, దానికి వేరే బుద్ధి లేదు. కాబట్టి అక్కడ 33⅓ తిరిగేది ఇక్కడ 27.8 తిరుగుతుంది. పాట సాగడమే కాదు, శృతి కూడా దిగిపోతుంది, హార్మోనియం మీద తెలుపూ నలుపూ కలిపి దాదాపు మూడు మెట్లు, అంటే ఐదు శృతిలో పాడినావిడ నీ హాల్లో మూడు శృతిలో పాడుతుంది. డిసెంబర్ కచేరీలకి తిరిగే మీ అత్తగారు ఇంట్లో ఉంటే మొదటి చరణంలోనే పట్టేస్తారు.

కొన్నిటికి 50 హెర్ట్జ్ పుల్లీ అని, మోటార్ మీద బెల్టు తిరిగే చక్రం, వేరే ఉంటుంది, పెద్దది, అది దొరికితే మార్చుకోవచ్చు, కానీ నలభై ఏళ్ళ నాటి మోడల్‌కి ఆ పుల్లీ కోసం వెతకడం ఎందుకు చెప్పు. మీ బావ తెచ్చేది డైరెక్ట్ డ్రైవ్ క్వార్ట్జ్ లాక్, అంటే బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్ళెం తిప్పుతూ, క్వార్ట్జ్ గడియారంలా స్పీడు పట్టి ఉంచేది అయితే వేరే మాట, దాని స్పీడు హెర్ట్జ్ మీద ఆధారపడదు, వోల్టేజ్ ఒక్కటి చూసుకుంటే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. అలాగే ఈమధ్య వచ్చే అడాప్టర్ ప్లేయర్లు, డీసీ మోటార్‌వి, వాటికీ ఈ గొడవ లేదు, అడాప్టర్ మీద 100-240 అని ఉంటే నేరుగా పెట్టెయ్యి, లేకపోతే అది ఎన్ని వోల్టులు ఎన్ని ఆంప్స్ ఇస్తుందో చూసి అలాంటిదే రిచీ స్ట్రీట్‌లో కొను, పిన్నులో ప్లస్ మధ్యలో ఉందా బయటుందా అన్నది కూడా కలవాలి, అది తప్పితే పొగే.

ఇంకో సంగతి, విమానంలో తేవాలంటే పళ్ళెం విప్పి వేరేగా చుట్టి, ఆర్మ్ వెనకున్న బరువు తీసేసి, ఆర్మ్‌ని కట్టేసి తేవాలి. మా బంధువు ఒకాయన పెట్టెలో ఉన్నదున్నట్టు పెట్టి తెచ్చాడు, దిగేసరికి పళ్ళెం ఊడి ఆర్మ్ మీద పడి, ఆర్మ్ వంకర. బావతో తెప్పించుకోవాలంటే ముళ్ళు తెప్పించుకో, గ్రాము బరువుండదు, ఆయన ఏమీ అనుకోడు.

ప్రశ్న: బెల్టు డ్రైవా, డైరెక్ట్ డ్రైవా? ఏది మంచిది? మా ఆఫీసులో దీని మీద రెండు పార్టీలు.

జవాబు: మామూలు బడ్జెట్‌లో రెండూ ఒకటే. బెల్టు అయితే కొన్నేళ్ళకి సాగుతుంది, మార్చుకోవాలి, డైరెక్ట్ అయితే మార్చక్కర్లేదు, అంతకి మించి గొడవ పడకండి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 డైరెక్ట్ డ్రైవే, 1972లో వచ్చింది, యాభై ఏళ్ళు దాటినా దాన్ని తిడుతున్నవాడు నాకు తగల్లేదు. రేగా ప్లానార్ 1 బెల్టు, దాన్నీ ఎవరూ తిట్టరు. ఆ రెండు పార్టీల వాళ్ళనీ వాళ్ళ ముళ్ళు ఎన్ని గంటలు తిరిగాయో అడగండి, గప్‌చిప్ అయిపోతారు.

ప్రశ్న: నమస్తే అండి. క్రోంపేటలో ఉంటాను, జీతం తక్కువ, కొత్తది కొనే స్థోమత లేదు. పల్లావరం శుక్రవారం సంతలో పాత ప్లేయర్లు కనపడుతుంటాయి, మూడు వేలకీ నాలుగు వేలకీ ఇస్తామంటారు. కొనొచ్చా? చూసుకోవాల్సినవేంటి?

జవాబు: కొనొచ్చు, కానీ కళ్ళు తెరిచి కొనాలి, నేను మూసుకుని కొన్నాను కాబట్టి చెప్తున్నా. మూర్ మార్కెట్ 1985లో కాలిపోకముందు మా నాన్న నన్ను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళేవాడు, పాత సామాన్ల దగ్గర బేరం ఎలా ఆడాలో అక్కడే చూశాను, అయినా నా వంతు వచ్చేసరికి ఆ తెలివి ఏమైందో. కొన్నేళ్ళ కిందట ఒకతని దగ్గర జపాన్ ప్లేయర్ ఒకటి చూశాను, ఎంత నిగనిగలాడుతోందంటే నేను వెనక్కి తిప్పి చూడనే లేదు. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టాను, నాలుగు సెకన్లు తిరిగింది, తర్వాత కాలిన వాసన, తర్వాత మా ఆవిడ మొహం. వెనకాల చిన్న అక్షరాల్లో 100 వోల్టులు అని రాసి ఉంది. జపాన్‌లో కరెంటు అంతే మరి. అమ్మినతను మళ్ళీ వారం, "సార్ మీరు అడగలేదు కదా" అన్నాడు, అదీ నిజమే.

కాబట్టి మొట్టమొదట వెనక్కి తిప్పు. 220 లేదా 230, 50 హెర్ట్జ్ అని ఉందా చూడు, లేకపోతే పైన పోరూర్ అబ్బాయికి రాసింది చదువుకో.

తర్వాత ఆర్మ్. ఇదే ప్రాణం. ముల్లున్న చివర రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ కదుపు, మొదట్లో దాని కీలు దగ్గర లొడలొడ ఉండకూడదు, వదులైన తలుపు బందులా అనిపిస్తే వదిలెయ్, అది బాగుచెయ్యడం మనవల్ల కాదు. వెనక బరువు తిప్పి ఆర్మ్‌ని గాల్లో తేలేలా సర్ది, నోటితో మెల్లగా ఊదు, అలా ఊదితే తేలుతూ జరగాలి, మధ్యలో ఎక్కడా పట్టేసినట్టు ఆగకూడదు. ఇది చేస్తుంటే సంతలో అందరూ నిన్ను వింతగా చూస్తారు, చూడనీ.

తర్వాత స్పీడు. ఫోన్‌లో పళ్ళెం మీద పెడితే ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే యాప్‌లున్నాయి, ఫోన్‌ని సరిగ్గా మధ్యలో పెట్టి చూడు. బెల్టు సాగిపోయినా, కరిగి తారులా అంటుకున్నా భయపడకు, కొత్తది పెద్ద ఖర్చేమీ కాదు, దాన్ని చూపించి బేరం ఆడు కూడా. అదే బెల్టు లేకుండా రబ్బరు చక్రంతో తిరిగే పాత గారార్డ్, లెంకో లాంటివైతే ఆ చక్రం ఒకచోట నొక్కుకుపోయిందేమో చూడు, నొక్కుకుపోతే ప్రతి చుట్టుకీ డుబ్ డుబ్ అని వినపడుతూనే ఉంటుంది.

ముల్లు సంగతి: అతను ఉన్న ముల్లు కొత్తదే అంటాడు, అందరూ అంటారు. లేదనుకునే లెక్కేసుకో. కొనేముందు ఆ కార్ట్రిడ్జ్ పేరు చూసి, దానికి ముల్లు ఇప్పుడు దొరుకుతుందో లేదో ఫోన్‌లో వెతుకు, దొరక్కపోతే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చుకునే రకమా అని చూడు, రెండు చిన్న స్క్రూలతో బిగించే అర అంగుళం రకం అయితే ఏ కంపెనీదైనా పడుతుంది. అది కూడా కాకపోతే ఆ ప్లేయర్ బొమ్మ కిందే లెక్క. హెచ్ఎంవీ ఫియెస్టా, కాలిప్సో లాంటివి కనపడితే మనసు లాగుతుంది, మా ఇంట్లోనూ ఒకటుండేది, కానీ ఆ కాలం పోర్టబుల్ ప్లేయర్లలో బరువైన ఆర్మ్‌లే ఎక్కువ, జ్ఞాపకం కోసం కొనుక్కో, రోజూ వినడానికి వద్దు.

మొత్తానికి మూడు వేలు ప్లేయర్‌కి, ఇంకో రెండు మూడు వేలు ముల్లుకీ బెల్టుకీ చేతిలో ఉంటేనే సంతకి వెళ్ళు. చేతిలో మూడే ఉంటే ఇంకో రెండు నెలలు ఆగు తమ్ముడూ, శుక్రవారం ఎక్కడికీ పోదు.

ప్రశ్న: మా అమ్మమ్మగారి దగ్గర్నుంచి వచ్చిన పెద్ద బరువైన రికార్డులు ఓ పాతిక ఉన్నాయి, కొన్నిటి మీద ఓడియన్ అని ఉంది, కింద పడితే గాజులా పగులుతున్నాయి. మామూలు ప్లేయర్ మీద పెట్టొచ్చా? వాటికి ఫంగస్ కూడా పట్టింది, శానిటైజర్‌తో తుడిస్తే పోతుందా? - పెరంబూరు నుంచి

జవాబు: శానిటైజర్ కింద పెట్టమ్మా! అవి షెల్లాక్ రికార్డులు, అంటే లక్క, అది ఆల్కహాల్‌లో కరుగుతుంది, తుడిచిన చోటల్లా గాడులు చెరిగిపోతాయి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, గోరువెచ్చగా కూడా కాదు, మామూలు నీళ్ళల్లో, డిస్టిల్డ్ వాటర్ అయితే మరీ మంచిది, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి గుడ్డతో గాడి పోయే దారినే తుడిచి, లేబుల్ తడవకుండా, వెంటనే ఆరబెట్టండి. ఎండలో కాదు, ఫ్యాన్ కింద.

ఇవి 78 రకం, నిమిషానికి 78 చుట్లు తిరగాలి, ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. వీటి గాడి ఎల్పీ గాడి కంటే మూడు రెట్లు వెడల్పు దగ్గర దగ్గర, కాబట్టి మామూలు ముల్లు పెడితే గాడి అడుగున పడి దుమ్ములో దొర్లుతుంది, పాట కంటే గరగర ఎక్కువ, ముల్లూ పాడవుతుంది. మీకు కావలసింది 78 స్పీడు ఉండి, 78 ముల్లు తొడిగే వీలున్న ప్లేయర్. కొత్తవాటిలో ఆడియో-టెక్నికా ఎల్పీ120ఎక్స్‌యూఎస్‌బీ ఆ రెండూ చేస్తుంది, దానికి వచ్చే వీఎం95 కార్ట్రిడ్జ్‌కి ఎస్పీ అని వెడల్పు ముల్లు విడిగా అమ్ముతారు, లాగి తొడగడమే. అప్పుడు ఆర్మ్ బరువు మాత్రం రెండు గ్రాముల నుంచి ఐదుకి పెంచాలి, మర్చిపోకండి, మళ్ళీ ఎల్పీ పెట్టేటప్పుడు తగ్గించడం అంతకంటే మర్చిపోకండి. బంగారం తూచినట్టు తూచే బుల్లి డిజిటల్ కాటాలు నాలుగైదొందలకి వస్తాయి, ఒకటి కొనుక్కోండి. ఎల్పీ120 రేటు ఎల్పీ60 కంటే బాగా ఎక్కువ, పాతిక రికార్డుల కోసం అంత పెట్టడమా అంటే... ఆ ఓడియన్‌లు మన మద్రాసులో సరస్వతీ స్టోర్స్ వాళ్ళు తెచ్చినవైతే, ఏవీ మెయ్యప్పన్ గారు స్టూడియో పెట్టకముందు చేసిన వ్యాపారం అది, 1930ల నాటి గొంతులు, మళ్ళీ ఎక్కడా దొరక్కపోవచ్చు. నేనైతే పెడతాను. లేదంటే ఎవరైనా 78 ప్లేయర్ ఉన్న తెలిసినవాళ్ళ దగ్గర ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, రికార్డులు జాగ్రత్తగా దాచేయండి, నిలబెట్టి, పడుకోబెట్టి కాదు, అటక మీద అసలే కాదు, మే నెలలో మన అటక సంగతి మీకు నేను చెప్పాలా.

ప్రశ్న: కొత్త ప్లేయర్ కొన్నాను, పాట వెనకాల గుయ్‌య్‌య్ మని శబ్దం. ఇంకా హాల్లో మా పిల్లాడు గెంతితే రికార్డు కూడా గెంతుతోంది.

జవాబు: గుయ్‌మనేది నూటికి తొంభై పాళ్ళు ఎర్తింగ్. ప్లేయర్ వెనక ఎరుపు తెలుపు వైర్లతో పాటు సన్నటి వైరు ఇంకోటుందా? దాన్ని యాంప్ మీదో ప్రీయాంప్ మీదో గ్రౌండ్ అని ఉన్న స్క్రూకి బిగించండి, చాలామంది దాన్ని అనవసరం అనుకుని కత్తిరించేస్తారు కూడా. అప్పటికీ పోకపోతే ప్లేయర్‌ని స్టెబిలైజర్, అడాప్టర్ల గుంపు నుంచి దూరంగా జరపండి.

గెంతడానికి పిల్లాడిని తిట్టకండి. ప్లేయర్‌ని ఊగే టీపాయ్ మీంచి తీసి గోడకి కొట్టిన చెక్క మీద పెట్టండి, స్పీకర్లు అదే చెక్క మీద పెట్టకండి, లెవెల్ సరిగ్గా ఉందో ఫోన్‌లో చూసుకోండి. చాలు.

ప్రశ్న: బాబూ, నాది వడపళని, సినిమావాళ్ళ వీధుల్లోనే అరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాను. మా అబ్బాయి కొత్త ప్లేయర్ తెచ్చాడు. పాత రికార్డు ఒకటి రెండు చోట్ల గెంతుతోంది, మా కాలంలో ఆర్మ్ మీద ఐదు పైసల బిళ్ళ పెట్టేవాళ్ళం, గెంతకుండా పోయేది, ఇప్పుడు రూపాయి బిళ్ళ పెడదామంటే మా వాడు చెయ్యి పట్టుకుంటున్నాడు. ఎవరిది రైటు?

జవాబు: పెద్దవారు, మీ మాట కాదనడానికి భయంగానే ఉంది కానీ ఈసారి మీవాడిదే రైటు. మేమూ పెట్టినవాళ్ళమే. అప్పటి ఐదు పైసల బిళ్ళ అల్యూమినియం, గాలికి ఎగిరేది, ఆ ఆర్మ్‌లూ మొరటువి, చెల్లిపోయింది. ఇప్పటి రూపాయి బిళ్ళ మూడు గ్రాములకి తక్కువుండదు, కొత్త ప్లేయర్ ఆర్మ్ మొత్తం మోపేదే రెండు మూడు గ్రాములు, దాని మీద మీరు రూపాయి పెడితే రెట్టింపు, ముల్లుని పట్టుకునుండే సన్నటి కమ్మీ వంగి కార్ట్రిడ్జ్ అడుగు రికార్డుకి ఆనుతుంది.

ముందు ఆ రికార్డు కడిగించండి, ఎల్పీ అయినా పైన పెరంబూరు అమ్మాయికి చెప్పినట్టే, కడిగితే సగం గెంతులు పోతాయి, ఎన్నో ఏళ్ళ అగరబత్తి పొగ, సముద్రపు గాలి తేమ, వేలి జిడ్డు అన్నీ గాడిలో గట్టిపడి ఉంటాయి. కడిగాక కూడా గెంతితే ప్లేయర్ లెవెల్ చూడమనండి. అప్పటికీ గెంతితే అది గీత, ఏం చేసినా పోదు. అయినా ఆ రికార్డు ఎక్కడ గెంతుతుందో మీకు కంఠతా వచ్చే ఉంటుంది, సరిగ్గా ఆ మాట దగ్గరికి రాగానే మీరే అందుకుని పాడేస్తుంటారని నా అనుమానం.